లెవెల్ ఏ కోడ్‌లో ఒక్కచోట కవరేజీ రావడం లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్తే. మాది హనుమకొండ. మడికొండ ఐటీ పార్కులో ఒక చిన్న కంపెనీలో విమాన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఇంతకుముందు బ్యాంకు యాప్‌లు టెస్ట్ చేసేవాణ్ని, విమాన సాఫ్ట్‌వేర్ భద్రతకు పాటించే ప్రమాణం డీవో-178సీ నాకు కొత్త.

మా మాడ్యూల్ లెవెల్ ఏ, అంటే తప్పు జరిగితే విమానమే కూలిపోయే స్థాయి. అందుకే టెస్టులు కోడ్‌ను ఎంతవరకు పరీక్షించాయో చూపే కొలతల్లో (కవరేజీ) కఠినమైన ఎంసీ/డీసీ కావాలి. ఒక నిర్ణయంలోని ప్రతి షరతూ విడిగా ఫలితాన్ని మార్చగలదని చూపాలి. అంతా వచ్చింది, ఒక్కచోట తప్ప. సెన్సార్ విలువ పరిధి దాటిందా అని చూసే ఇఫ్ ఒకటి ఉంది. అది ఉన్న ఫంక్షన్‌ను పిలిచే మరో ఫంక్షన్ ముందే ఆ విలువను పరిధిలోకి తెచ్చేస్తుంది కాబట్టి ఏ టెస్టుతోనూ ఆ షరతు నిజం కావడం లేదు.

మా లీడ్ గారు "కోడ్ చూసి టెస్ట్ రాసేయ్, వంద శాతం చూపిద్దాం" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. టెస్టులు కోడ్ నుంచి కాదు, సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో చెప్పే రిక్వైర్‌మెంట్ల నుంచే రావాలి కదా! పోనీ ఆ ఇఫ్ తీసేద్దామంటే భయం. 1996లో ఏరియన్ 5 రాకెట్‌లో 64 బిట్ల విలువ 16 బిట్లలో పట్టలేదు. అది అంత పెరగదని నమ్మి అక్కడ రక్షణ పెట్టలేదు, రాకెట్ పేలిపోయింది.

ఈ ఇఫ్‌కు డిరైవ్డ్ రిక్వైర్‌మెంట్ (పై స్థాయి రిక్వైర్‌మెంట్ల నుంచి నేరుగా రానిది) రాసి, సేఫ్టీ టీమ్‌కు చూపించి, ఇఫ్ ఉన్న ఫంక్షన్‌ను విడిగా టెస్ట్ చేస్తే ఆడిటర్లు ఒప్పుకుంటారా? లేక ఆ షరతు ఎందుకు నిజం కాదో విశ్లేషణ రాసిస్తే సరిపోతుందా?

ఇంకొకటి. కోడ్ రాసినాయనే ఆ కోడ్ రివ్యూ కూడా చేశారు. లెవెల్ ఏలో అది చెల్లదు కదా? మేం నలుగురమే. చిన్న టీమ్‌లలో మీరు ఎలా సర్దుకున్నారో చెప్పండి. వచ్చే నెలే ఆడిట్, చాలా టెన్షన్‌గా ఉంది.