నానో ఫ్లూ టీకా వచ్చేదాకా ఆగాలా, ఉన్నది వేయించేయాలా?

మారతహళ్ళి_నెల్లూరోడు:
నాన్నకి 68. పోయినేడు మా దగ్గరికి బెంగళూరు రాగానే ఫ్లూ తగులుకుంది. మామూలు జ్వరమేలే అని మాత్రలేస్తూ కూర్చున్నాం, నాలుగో రోజు తీసుకెళ్తే డాక్టరు ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు రాస్తూ, ఇది 48 గంటల్లోపు మొదలెడితేనే బాగా పనిచేస్తుందండీ అన్నాడు. ఈసారి టీకా వేయిద్దామంటే ఆఫీసులో ఒకాయన, అతి చిన్న కణాలతో చేసే నానో టీకా వస్తోంది, ఏటేటా పొడిపించుకునే బాధ ఉండదు, ఆగు అంటున్నాడు. ఏమంటారు?

తిప్పసంద్ర_టీ:
ఆగమని నేనూ అనను గానీ, ఆ ఆశ ఉత్తిదేం కాదు. వైరస్ పైన హీమగ్లూటినిన్ అనే ప్రోటీన్ పుట్టగొడుగులా లేచి ఉంటుంది. మన యాంటీబాడీలు ఎక్కువగా దాని తలనే పట్టుకుంటాయి, ఆ తలేమో ఊరికే వేషం మారుస్తుంటుంది. కాడ అంతగా మారదు. ఫెర్రిటిన్ అని ఒంట్లో ఇనుము దాచే ప్రోటీన్ ఉంది, 24 ముక్కలు కలిసి బంతిలా అల్లుకుంటుంది, దాని మీద ఈ కాడల్ని గుచ్చి టీకా చేశారు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ 2019లోనే మనుషుల మీద పరీక్షలు మొదలెట్టింది.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
మొదలెట్టడం సరే గురూ, మా ఫ్లైఓవర్లూ మొదలెట్టారు. అయినా నానో అనేది కొత్త మాటా ఏమన్నానా? వైరస్ పెంకుతో చేసిన నానో సైజు కణాల టీకా, వైరోజోమ్ ఫ్లూ టీకా అంటారు, అది 1997లోనే స్విట్జర్లాండులో వచ్చింది. అదే బాపతు ముక్కులో కొట్టేది 2000-01 సీజన్లో దింపితే, వేయించుకున్నవాళ్ళలో మొహం ఒకపక్క పడిపోయిన కేసులు బయటపడి ఆపేశారు.

తిప్పసంద్ర_టీ:
సగం కథ చెప్పకన్నా. దాన్లో ఘాటు పెంచడానికి ఈ.కోలై అనే బాక్టీరియా విషం (టాక్సిన్) కలిపారు, అనుమానమంతా దాని మీదే. చేతికి పొడిచే వైరోజోమ్ టీకాని ఆ తర్వాతా ఏళ్ళపాటు వాడారు.

సిల్క్‌బోర్డ్_బాధితుడు:
సరే, ఒప్పుకున్నా. కానీ నా గొడవ ఫ్రిజ్ గురించి. ఇప్పుడున్న టీకానే 2 నుంచి 8 డిగ్రీల్లో ఉంచాలి. మా వీధి మందుల షాపులో టీకా డబ్బాల మీద ఆయన పెరుగు గిన్నె పెట్టుకుంటాడు, అమ్మినప్పుడల్లా గిన్నె తీసి కౌంటర్ మీద పెట్టి, తలుపు బార్లా తెరిచే చిల్లర వెతుకుతాడు. ఈయన చేతికి నానో కణాల ఎంఆర్ఎన్ఏ టీకా ఇస్తే, ఇక చూసుకోండి.

గుంటూరు_ఘాటు:
పెద్దాయన వయసు 68. డబ్ల్యూహెచ్ఓ ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో, టీకాలో ఏ స్ట్రెయిన్లు, అంటే ఏ వైరస్ రకాలు, పెట్టాలో చెప్తుంది, డబ్బా మీద ఏ సీజన్‌దో చూసి కొత్తది వేయించండి. నానోది వచ్చాక అదీ వేయిద్దురు, ఎవరొద్దన్నారు?

మారతహళ్ళి_నెల్లూరోడు:
అందరిదీ చదివి వినిపించా. నాన్న అడిగింది ఒక్కటే, "సూది ఒకటా, రెండా?" అని. శనివారం వేయిస్తున్నా. పెరుగు గిన్నె లేని షాపు మా వైపు ఎక్కడుందో చెప్పండి బాబూ.