డీవీడీ తిరుగుతోంది గానీ బూట్ అవట్లేదు

పర్లాకిమిడి: పాత డెస్క్‌టాప్. విండోస్ 7 డీవీడీ పెడితే డ్రైవు గిర్రున తిరుగుతాది, ఆనక నల్ల తెర, మూల చిన్న గీత మిణుకుమిణుకు. బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) డీవీడీనే ముందు పెట్టాను. స్విచ్ కట్టేసి వేస్తే తేదీ 2009కి పోతోంది. హార్డ్‌డిస్కులో ఫొటోలు పోకూడదు. ఏటి చెయ్యాలి?

రాయగడ: డిస్కుని ఇంకో కంప్యూటర్లో తెరవండి. లోపల ఒక్క ఐఎస్‌ఓ ఫైలే (డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలుగా చుట్టినది) ఉంటే మీరు కాపీ కొట్టారు, ఇమేజ్‌గా రాయలేదు. బూట్, సోర్సెస్ ఫోల్డర్లు, బూట్‌ఎంజీఆర్ విడివిడిగా కనబడాలి. మళ్ళీ రాస్తే 4ఎక్స్‌లో (నాలుగు రెట్ల వేగంతో) రాయండి.

బరంపురం: 4ఎక్స్ పాతకాలం మాట. 16ఎక్స్ డిస్కుల రంగు పొర ఎక్కువ వేగానికే చేస్తారు, మరీ నెమ్మదిగా కాలిస్తే (రాస్తే) తప్పులు పెరుగుతాయి. 8ఎక్స్ పెట్టండి. వందల డిస్కులు కాల్చిన చెయ్యి ఇది.

రాయగడ: కాల్చిన చెయ్యి సరే, చదవాల్సింది ఆయన పాత డ్రైవు కదా! లేజర్ నీరసించినదానికి 8ఎక్స్ రాత అంతుపట్టదు.

బరంపురం: నీరసం కాదు, దుమ్ము. దూదిపుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిండి, లెన్స్ మీద నొక్కకుండా ఒక్కసారి గుండ్రంగా తిప్పండి. గట్టిగా రుద్దితే లెన్స్‌ని పట్టుకున్న సన్నతీగలు వంగి డ్రైవే పోతాది.

గుణుపురం: సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని డిస్కుల్ని మొదలవనివ్వని సెట్టింగు) ఆపేస్తే చాలు, ఇంత గొడవెందుకు?

రాయగడ: 2009 బోర్డుకి సెక్యూర్ బూట్ ఎక్కడిది బాబూ? అది 2012లో విండోస్ 8తో కదా వచ్చింది.

సిరొంచ: గా లొల్లి ఇడువుండ్రి. తేదీ పోతున్నదని మొదట్లనే రాసిండు, ఒక్కలన్నా చూసిండ్రా? బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ సచ్చింది. కరెంటు పోంగనే సెట్టింగులన్నీ పోయి హార్డ్‌డిస్కే మళ్ళ ముందుకస్తది. మీటరు పెడితే 3 వోల్టులు రావాలె, 2.7కి దిగితే మార్చుడే. ప్లగ్గు పీకి, ప్లస్ గుర్తు పైకి పెట్టుండ్రి. అప్పటిదాంక ఎఫ్12 నొక్కి (కొన్ని బోర్డులకు ఎఫ్8, ఎఫ్11) మెనూల డీవీడీ ఎంచుకోండ్రి. ‘ప్రెస్ ఎనీ కీ’ అని అయిదు సెకండ్లే ఉంటది. యూఎస్‌బీ కీబోర్డు పలకకుంటే గుండ్రటి పిన్నుది పెట్టుండ్రి.

పర్లాకిమిడి: పాతపట్నం నుంచి బ్యాటరీ తెప్పించాను, తేదీ నిలబడింది. గీత పోలేదు. డిస్కు తెరిస్తే ఒక్క ఐఎస్‌ఓ ఫైలే ఉంది. ఫొటోల సంగతి ఎవరూ చెప్పలేదు.

రాయగడ: ఐఎస్‌ఓ సంగతి నా మొదటి మాటే కదండీ!

గుణుపురం: హార్డ్‌డిస్కు విప్పి ఇంకో సిస్టమ్‌కి రెండో డ్రైవుగా తగిలించి ముందు కాపీ చేసుకోండి. ఇన్‌స్టాల్‌లో ‘కస్టమ్’ ఎంచి, ఫార్మాట్ నొక్కకపోతే పాతవి విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్లో ఉంటాయి, గానీ దాన్నే నమ్ముకోకండి. కొత్త డిస్కు 8ఎక్స్‌లో రాయండి.

రాయగడ: 4ఎక్స్.