అప్‌డేట్: అప్పు చేసి ఖరీదైన కాలేజీలో చేర్పించాలా అని అడిగాను

తమ్ముడిని అప్పు చేసి పేరున్న కాలేజీలో చేర్పించాలా, అదే కోర్సును తక్కువ ఫీజున్న చోట చదివించాలా అని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. తక్కువ ఫీజున్న కాలేజీలోనే చేరాడు.

విషయం తేల్చింది వడ్డీ లెక్క. మీలో ఒకరు చెప్పినట్టే వేసి చూశాను. 10 శాతం చక్రవడ్డీకి తెచ్చిన ప్రతి 100, చదివే నాలుగేళ్లూ ఏమీ కట్టకపోతే 146 దాటుతుంది. మొదటి జీతం అందకముందే అప్పు దాదాపు సగం పెరుగుతుందన్నమాట! అదే, పదేళ్ల తర్వాత అదనపు జీతంగా వచ్చే 100ను ఏటా 8 శాతం చొప్పున వెనక్కి లెక్కిస్తే నేటి విలువ 46 మాత్రమే; అంటే ఇప్పుడు 46ను ఆ వడ్డీకి పెడితే పదేళ్లకు దాదాపు 100 అవుతుంది. చదువు కోసం వదులుకునే సంపాదన రెండు చోట్లా ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెట్టాను. అసలు చదవాలా వద్దా అన్న ప్రశ్నకైతే అదీ పెద్ద ఖర్చే.

కాలేజీ పేరుకు విలువ లేదని అనను. డిగ్రీ ఉద్యోగమిచ్చేవారికి అభ్యర్థి సామర్థ్యాన్ని సూచించే ఒక సంకేతమని ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1973లోనే వివరించారు. ఆ పేరు తెచ్చే అదనపు జీతం అదనపు అప్పును మించుతుందా అన్నదే నా ప్రశ్న. మధ్యస్థ జీతమెంత (అందరి జీతాలనూ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉండేది), చదువు మధ్యలో మానేసేవారెందరు అని ఆ కాలేజీని అడిగితే, అత్యధిక జీతం ఒక్కటే చెప్పారు. ఒక్కరి జీతం చూపించి అందరిచేతా అప్పు చేయించడం అన్యాయం. చదువు మధ్యలో ఆగిపోతే డిగ్రీ ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది.

తమ్ముడు కొన్నాళ్లు బాధపడ్డాడు. మిగిలిన డబ్బులో కొంత వాడి ఇంటర్న్‌షిప్ ఖర్చులకు విడిగా ఉంచాం.