సుడి, చుట్ట, వలయం: మూడూ ఒకటేనా?

ఒక డౌట్ అండీ. స్పైరల్‌ని పాఠ్యపుస్తకాల్లో సర్పిలం అంటారు, మాటల్లో ఎవరూ అనరు. నత్తగుల్ల మీదవీ, చెట్టు మొద్దు కోస్తే కనిపించేవీ, గ్రామఫోన్ రికార్డు మీదవీ అన్నిటినీ వలయాలనే అనేస్తున్నాం. కరెక్టేనా?

జవాబు:
కాదండీ. తేడా చెప్పే మాటలు మనకి ఎప్పట్నుంచో ఉన్నాయి, వాటిని వదిలేసుకుంటుంటే బాధేస్తుంది. గీత మీద వేలు పెట్టి పోనివ్వండి, బయల్దేరిన చోటికే వస్తే అది వలయం. చెట్టు మొద్దులోవి అవే, ఒకదాని చుట్టూ ఒకటి. రికార్డు చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ మామూలుగా ఒక్కో వైపు ఉండేది ఒకటే గాడి, అంచు దగ్గర మొదలై తిరిగి తిరిగి లోపలికి పోతుంది. సీడీలో లోపల్నుంచి బయటికి, ఆ గీతని సాగదీస్తే 5 కిలోమీటర్ల పైనే.

రికార్డుది చుట్ట. తాడు చుట్ట చుట్టి పెడితే దాని మందం ఒకటే కాబట్టి వరసల మధ్య ఎడం మారదు, లెక్కల్లో దీన్నే ఆర్కిమిడీస్ సర్పిలం అంటారు. గుల్ల సంగతి వేరు, లోపలి ప్రాణి పెరిగేకొద్దీ మూతి దగ్గర మాత్రమే కొత్తగా కట్టుకుంటూ పోతుంది, ఆకారం మారదు, అందుకే ఎడం కూడా చుట్టు చుట్టుకీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. నాటిలస్ అనే సముద్రజీవి గుల్లలో ఒక్కో చుట్టుకీ దాదాపు 3 రెట్లు. ఇలా విచ్చుకునేదాన్ని నేను సుడి అంటాను.

ఈ తేడా చిన్నదేం కాదు. 1705లో పోయిన లెక్కల పండితుడు జాకబ్ బెర్నూలీకి విచ్చుకునే సర్పిలం అంటే ప్రాణం, ఎంత పెరిగినా రూపు మారదని. తన సమాధి మీద దాన్నే చెక్కమన్నాడు, పక్కన 'మారినా మళ్లీ అదే నేనై లేస్తాను' అన్న అర్థం వచ్చే లాటిన్ మాట కూడా. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆ రాయి ఇప్పటికీ ఉంది, శిల్పి చెక్కింది మాత్రం సమాన ఎడం ఉన్న చుట్ట. పాపం, ఆయన కోరిన సుడి ఆయనకి దక్కలేదు.

ఇంకొకరు:
బాగుందండీ, కానీ సుడి అంటే తిరిగే నీళ్లు కదా, కదలని గుల్లకి నప్పుతుందా?

జవాబు:
నెత్తి మీద సుడి కదుల్తుందా అండీ? సుడి అనడానికి ఆ తిరిగిన తీరు చాలు, కదలాలనేం లేదు. పొద్దుతిరుగుడు పువ్వు మధ్యలో గింజల వరసలు చూడండి, చాలా పువ్వుల్లో ఒక వైపుకి 34, రెండో వైపుకి 55 లెక్కకొస్తాయి, అవీ సుడులే. 1845లో ఖగోళ పరిశీలకుడు లార్డ్ రాస్ టెలిస్కోపులో చూసి బొమ్మ గీసిన ఎం51 అనే గెలాక్సీని ఇంగ్లీషులో వర్ల్‌పూల్, అంటే నీటి సుడి, గెలాక్సీ అన్నారు, మనం హాయిగా సుడి గెలాక్సీ అనుకోవచ్చు.