డబ్బా మీద ఒక సీరియల్ నంబర్, టీవీలో ఇంకొకటి: మీకెవరికైనా ఇలా వచ్చిందా?

తెనాలి_కబుర్లు:
దసరాకి నాన్నగారికి ఒక స్ట్రీమింగ్ స్టిక్ (టీవీకి పెట్టి ఓటీటీలు చూసే చిన్న డివైస్) ఆన్‌లైన్‌లో కొని తెనాలి పంపించాను. కొత్తదే, బిల్లు కూడా ఉంది. సంక్రాంతి దాటేసరికి వైఫై పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేయడం మొదలుపెట్టింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే సీరియల్ నంబర్ అడిగారు. నాన్నగారు డబ్బా మీద ఉన్నది చదివారు. “మీ దగ్గరున్న డివైస్ నంబర్ ఇది కాదు, వారంటీ రాదు” అని పెట్టేశారు. టీవీ సెట్టింగ్స్ ఫోటో తీసి పంపమన్నాను. నిజంగానే అక్కడ వేరే నంబర్ ఉంది. బిల్లులో సీరియల్ నంబరే వేయలేదు. “మనకి దొంగ సరుకు అంటగట్టారురా” అని ఆయనకి ఒకటే టెన్షన్. ఇలాంటిది ఎదురైనవాళ్లు ఏం చేశారో చెప్పండి, ప్లీజ్.

ఓరుగల్లు_వైర్లు:
అన్నా, ముందు నాన్నగారు చదివింది సీరియల్ నంబరేనా అన్నది తేలాలి. డబ్బా మీద తక్కువ నంబర్లుండవు. గీతల కింద 13 అంకెలున్నది బార్‌కోడ్ నంబర్. ఆ మోడల్ డబ్బాలన్నిటి మీదా అదే ఉంటుంది. బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు పక్కన ‘ఆర్’ అక్షరం, గీత, తర్వాత 8 అంకెలు ఉంటాయి. అది ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన రిజిస్ట్రేషన్, మీ పీస్‌ది కాదు. అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే కలిసి మొత్తం 12 ఉంటే అది మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో డివైస్‌ని గుర్తుపట్టే నంబర్. ఇవన్నీ పోగా ‘ఎస్ఎన్’ అనో ‘డీఎస్ఎన్’ అనో రాసి ఉన్నదొక్కటే మనకి కావాల్సింది. మా షాపుకి వచ్చే ఇలాంటి గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. డబ్బా నాలుగు వైపులా ఫోటోలు తీయించి పెట్టండి, చూద్దాం.

రిమోట్_రాణి:
రిమోట్ సంగతి కూడా చూడండి. రిమోట్‌కి విడిగా సీరియల్ నంబర్ ఉంటుందని చాలామందికి తెలియదు. ఫైర్ టీవీలో ‘మై ఫైర్ టీవీ’, దాంట్లో ‘అబౌట్’ తెరిస్తే స్టిక్ నంబర్ వస్తుంది. రిమోట్‌లు, బ్లూటూత్ ఉండే పేజీలోకి వెళితే రిమోట్ నంబర్ వస్తుంది. రెండూ చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఆపిల్ టీవీలో కూడా పెట్టెది వేరు, రిమోట్‌ది వేరు. పెద్దవాళ్లని ఫోటో పంపమన్నప్పుడు పేజీ మొత్తం, పైన హెడింగ్‌తో సహా పంపమనండి. నంబర్ ముక్క ఒక్కటే వస్తే అది దేనిదో మనకి తెలియదు.

డల్లాస్_డాబా:
ఇక్కడ మా ఇంట్లో రోకూ వాడతాం, అదీ ఇలాంటి స్ట్రీమింగ్ డివైసే. సెట్టింగ్స్‌లో ‘సిస్టమ్’, ‘అబౌట్’ తెరిస్తే సీరియల్ నంబర్, డివైస్ ఐడీ ఒకే పేజీలో ఉంటాయి. కంగారులో ఒకటి చదవబోయి ఇంకోటి చదివేస్తారు. అక్షరాల తికమక ఇంకో తలనొప్పి. సున్నాకీ ‘ఓ’కీ, ఎనిమిదికీ ‘బీ’కీ ఆ చిన్న అచ్చులో తేడా తెలియదు. ఆపిల్ వాళ్లయితే తమ సీరియల్ నంబర్లలో ‘ఓ’ అక్షరం ఉండదని, అక్కడ కనిపించేది సున్నానే అని చెప్పేశారు. మిగతా కంపెనీలవి నోటితో చదవకుండా ఫోటో పంపడమే మేలు.

సర్వర్_సుబ్బయ్య:
యాప్‌లలో కనిపించే నంబర్లతో పోల్చి చూసేవాళ్లకి ఒక మాట. నెట్‌ఫ్లిక్స్‌లో ‘గెట్ హెల్ప్’ కింద ఈఎస్ఎన్ అని పొడుగ్గా ఒకటి ఉంటుంది. దాని పేరులోనూ సీరియల్ నంబర్ అన్న మాట ఉంది గానీ అది నెట్‌ఫ్లిక్స్ తన లెక్క కోసం పెట్టుకున్నది, డబ్బా నంబర్‌తో ఎప్పటికీ కలవదు. ‘డివైస్ ఇన్ఫో’ లాంటి యాప్‌లనీ నమ్మకండి. ఆండ్రాయిడ్ 10 నుంచి మామూలు యాప్‌లకి అసలు సీరియల్ నంబర్ చూసే అనుమతే లేదు. అవి చూపించేది ఎక్కువగా ఆండ్రాయిడ్ ఐడీ, అంటే సాఫ్ట్‌వేర్ తనే పెట్టుకునే గుర్తింపు నంబర్. ఆండ్రాయిడ్ 8 వచ్చాక అది ఒక్కో కంపెనీ యాప్‌కి ఒక్కోలా కనిపిస్తుంది, ఫ్యాక్టరీ రీసెట్ కొడితే మారిపోతుంది కూడా. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఉన్నదే లెక్క.

తెనాలి_కబుర్లు:
అందరికీ థ్యాంక్స్. నాన్నగారితో వీడియో కాల్‌లో ఒక్కొక్కటీ చూశాను. డబ్బా మీద చదివింది ‘ఎస్ఎన్’ పక్కన ఉన్నదే. టీవీలోదీ స్టిక్ నంబరే, రిమోట్‌ది కాదు. కాబట్టి ఇది నిజంగానే తేడా. ఇంకోటి కనిపించింది. డబ్బా అడుగున తెల్ల స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది, దాని కింద ఇంకో స్టిక్కర్ అంచు. టార్చ్ పక్కనుంచి వేస్తే కింది బార్‌కోడ్ గీతలు లీలగా తెలుస్తున్నాయి.

ఓరుగల్లు_వైర్లు:
ఆ స్టిక్కర్ పీకొద్దని చెప్పండి! ఉన్నదున్నట్టు దగ్గర్నుంచి వీడియో తీయించండి. ఎవరో వాపస్ ఇచ్చిన పీస్‌ని వేరే డబ్బాలో సర్ది మళ్లీ పంపినట్టుంది. ఒక్కటి గుర్తు చేసుకోండి: మొదటిసారి టీవీకి పెట్టినప్పుడు స్క్రీన్ మీద వేరే ఎవరి పేరైనా వచ్చిందా? కొన్న అకౌంట్‌కి ముందే కలిపి పంపే స్టిక్‌లు ఉంటాయి. మీరు కొన్నదానిలో ముక్కూమొహం తెలియనివాళ్ల పేరు కనిపిస్తే అది ఒకసారి వేరే ఇంటికి వెళ్లొచ్చినదే. కోఠి గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు కూడా అక్కడే టీవీకి పెట్టించి ఇది చూసుకోవాలి. పాత ఓనర్ తన అకౌంట్ నుంచి తీసేశాకే డబ్బులివ్వండి.

తెనాలి_కబుర్లు:
అవునన్నా, ఏదో పేరు వచ్చిందనీ, కంపెనీవాళ్ల పేరేమో అనుకున్నాననీ అంటున్నారు నాన్నగారు.

బోర్డు_మాస్టర్:
నేను టీవీ సర్వీసులో పనిచేస్తాను. ఏ మోసమూ లేకుండా కూడా నంబర్ మారే సందర్భం ఒకటుంది. స్మార్ట్ టీవీ మెయిన్ బోర్డు మారిస్తే, వెనక స్టిక్కర్ మీద పాత నంబరే ఉండి లోపల సెట్టింగ్స్‌లో కొత్తది రావచ్చు. బోర్డు మార్చినవాళ్ల చేత జాబ్ షీట్ మీద పాత నంబర్, కొత్త నంబర్ రెండూ రాయించుకుని సంతకం తీసుకోండి. ఆ కాగితం లేక తర్వాతి రిపేరుకి వారంటీ పోగొట్టుకున్న కస్టమర్లని చూస్తే బాధేస్తుంది. రీప్లేస్‌మెంట్ పీస్ వచ్చినప్పుడూ అంతే, నంబర్ కొత్తది, డబ్బా పాతది. ఆ ఈమెయిల్ డిలీట్ చేయకండి.

వినియోగం_విజయ:
ఫోన్‌లో వాదించి లాభం లేదండీ, రాతలో పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మే వెబ్‌సైట్‌కి ఫిర్యాదుల అధికారి ఉండాలి, మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. బిల్లు, స్టిక్కర్ వీడియో, టీవీ స్క్రీన్ ఫోటో జత చేయండి. కదలకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొన్నవాటికి అక్కడ ఫీజు లేదు.

తెనాలి_కబుర్లు:
అప్‌డేట్. అధికారికి రాసిన మెయిల్‌తోనే పనైంది. స్టిక్కర్ మీద స్టిక్కర్ వీడియో చూశాక ఎదురు ప్రశ్న వేయలేదు. వేరే పీస్ పంపారు. కొరియర్ అబ్బాయి ముందే డబ్బా విప్పి, వీడియో తీస్తూ, నాన్నగారు స్వయంగా నంబర్లు పోల్చారు. కలిశాయి! వైఫై కూడా నిలకడగా ఉంది. పాత స్టిక్ తీసుకెళ్లడానికి రేపు వస్తారట. దాంట్లో ఏమైనా చేయాలా?

సర్వర్_సుబ్బయ్య:
ముందు మీ అకౌంట్‌లో డివైస్‌ల లిస్టు తెరిచి దాన్ని తీసేయండి, తర్వాత స్టిక్‌ని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. అందులో లాగిన్ అయి ఉన్న ఓటీటీల్లో కూడా ‘సైన్ అవుట్ ఆల్ డివైసెస్’ నొక్కండి. ఇచ్చేటప్పుడు పికప్ రసీదు మీద సీరియల్ నంబర్ రాయించుకోవాలి, టీవీలో కనిపించినదే.