కాలేజీ పబ్లికేషన్ల లెక్క ఎలా తేల్చాలి? స్కోపస్ లేదు, పది రోజులే టైముంది

బీరువా తాళాలు

ఈ ఫోరంలో అందరికీ నమస్కారం. నేను కృష్ణా జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ని. పోయిన సోమవారం ప్రిన్సిపల్ గారు పిలిచి, "న్యాక్ వాళ్లొస్తున్నారు. అయిదేళ్లలో మనవాళ్ల పేపర్లెన్ని, సైటేషన్లెన్ని, కాలేజీ హెచ్-ఇండెక్స్ ఎంత, అన్నీ కావాలి. ఒక రంగుల బొమ్మ కూడా పెట్టు" అన్నారు. పక్క ఊరి కాలేజీలో గుండ్రాలూ గీతలూ ఉన్న బొమ్మేదో చూసొచ్చారు. అప్పట్నుంచి అదే ధ్యాస. తెలియనివాళ్ల కోసం: న్యాక్ అంటే కాలేజీలను తనిఖీ చేసి గ్రేడిచ్చే సంస్థ. సైటేషన్ అంటే మన పేపరును ఇంకో పేపర్లో ఉదహరించడం. హెచ్-ఇండెక్స్ 5 అంటే, కనీసం అయిదేసి సైటేషన్లున్న పేపర్లు అయిదున్నాయని.

మాకు స్కోపస్ లేదు, వెబ్ ఆఫ్ సైన్స్ లేదు. పేపర్లూ సైటేషన్లూ లెక్కగట్టి చూపే డేటాబేసులవి, చందా కట్టాలి. ముందు స్టాఫ్‌కి గూగుల్ ఫారం పంపాను. 34 మందిలో 19 మంది నింపారు. ఒకాయన "పేపరు శీర్షిక" అన్న చోట "యెస్" అని రాశారు.

సరేనని, పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో కూర్చున్నాను. అసలు తలనొప్పి అక్కడ మొదలైంది. మా కెమిస్ట్రీ సారు ఇంటిపేరు "కె"తో మొదలవుతుంది, పేరు చివర రావు. ఒక పేపర్లో కె.ఎస్. రావు, ఇంకోదాంట్లో ఎస్.ఆర్. అని పెట్టి పక్కన పూర్తి ఇంటిపేరు, మూడోదాంట్లో ఉత్త ఎస్. రావు. ఆయన ప్రొఫైల్లో 160 పేపర్లున్నాయి. కిందికి జరుపుకుంటూ పోతే సిమెంటు మీద, గాలికుంటు వ్యాధి మీద కూడా కనిపించాయి. "సార్, గాలికుంటు మీద ఎప్పుడు రాశారు?" అని అడిగితే, "నేనా? మా ఇంట్లో గేదె కూడా లేదమ్మా" అన్నారు. ప్రిన్సిపల్ గారికి చెబితే "ఉంటే ఉండనీ, నంబరు బాగుందిగా" అన్నారు.

డబ్బు కట్టక్కర్లేని టూల్స్ ఏమున్నాయి? స్కాలర్ చూపించే హెచ్-ఇండెక్స్ పెట్టొచ్చా? ఆ బొమ్మ ఎలా గీస్తారు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

తాటాకు కట్ట

మేడం, బొమ్మ సంగతి చివర్లో. ముందు పేర్లు తేలాలి.

విదేశీ డేటాబేసులు పేరులో చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. దాంతో రావులు, రెడ్డిలు, కుమార్‌లు అందరూ ఒకే కుటుంబమైపోతారు. స్కాలర్ ప్రొఫైల్లో కొత్త పేపర్లు వాటంతటవే చేరే సెట్టింగ్ ఒకటుంటుంది. మీ సారు అది ఆన్‌లో వదిలేసి ఉంటారు. దాన్ని "ముందు నాకు మెయిల్ పంపు" అన్నదానికి మార్పించి, తనవి కానివి ఆయన చేతే తీయించండి. గేదెలవి మాత్రం తప్పక పోవాలి. తనిఖీకి వచ్చినవాళ్లు ఒక్క లింకు నొక్కినా పరువు పోతుంది.

స్కోపస్‌కు చందా లేకపోయినా రచయిత పేరుతో వెతకడం ఉచితమే. ఒకే మనిషికి మూడు ప్రొఫైళ్లుంటే కలపమని సారే అడగొచ్చు, దానికీ రూపాయి ఖర్చుండదు. ప్రతివాళ్ల చేతా ఆర్కిడ్ తెరిపించండి. అది ఒక్కో రచయితకు ఇచ్చే 16 స్థానాల నంబరు, 2012 నుంచి ఇస్తున్నారు. పేరు ఎన్ని రకాలుగా రాసుకున్నా నంబరు ఒకటే ఉంటుంది.

కాలేజీ మొత్తం లెక్కకు ఓపెన్‌అలెక్స్ అనే పేపర్ల డేటాబేస్ వాడండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల అకడమిక్ గ్రాఫ్ 2021 చివర్లో మూతపడ్డాక, 2022 జనవరిలో దాని జాగాలో వచ్చింది. చందా లేదు, డేటా ఎవరైనా వాడుకోవచ్చు. ఒక చిక్కుంది. అఫిలియేటెడ్ కాలేజీల పేపర్లు కొన్నిసార్లు యూనివర్సిటీ ఖాతాలో పడిపోతాయి. అందుకని కాలేజీ పేరుతో వెతికి వదిలేయొద్దు. ఎక్సెల్లో పేపర్ల డీఓఐలు (పేపరుకు ఇచ్చే గుర్తింపు నంబర్లు) ఒక వరుసలో పెట్టుకుని అక్కడి నుంచి మొదలెట్టండి.

హెచ్-ఇండెక్స్ చేత్తోనే తేలుతుంది. సైటేషన్లను పెద్ద నుంచి చిన్నకు రాయండి. ఉదాహరణకు 12, 9, 7, 5, 5, 3, 1. అయిదో పేపరుకు 5 ఉన్నాయి, ఆరోదానికి 3 మాత్రమే. కాబట్టి హెచ్ 5. కాలేజీ హెచ్ కోసం ఒక్కొక్కరి హెచ్‌లు కూడొద్దు, చాలాచోట్ల ఈ తప్పే చేస్తారు. పేపర్లన్నీ ఒకే జాబితాలో పోసి, ఇద్దరు కలిసి రాసింది ఒక్కసారే ఉంచి, అప్పుడు లెక్కేయాలి.

స్కాలర్ హెచ్ మామూలుగా స్కోపస్ కంటే ఎక్కువే ఉంటుంది. స్కాలర్ థీసిస్‌లను, కాన్ఫరెన్స్ కాగితాలను, ఎక్కడో పెట్టిన పీడీఎఫ్‌లను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పెట్టొచ్చు, కానీ పక్కనే "గూగుల్ స్కాలర్, ఫలానా తేదీ" అని రాయండి. స్కాలర్ నుంచి ఒకేసారి లాగాలంటే పబ్లిష్ ఆర్ పెరిష్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుంది. ఆత్రపడి వరసగా యాభై పేర్లు కొడితే గూగుల్ "మీరు మనిషేనా" అని ఆపేస్తుంది. నన్ను ఒక మధ్యాహ్నమంతా ఆపేసింది.

మూడో ఏడు పీహెచ్‌డీ

బొమ్మ సంగతి నేను చెప్తా మేడం. మీ ప్రిన్సిపల్ గారు చూసింది వాస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేరుతో గీసిందై ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీవాళ్లు చేసింది, ఉచితం. డీఓఐల జాబితాను ఉత్త టెక్స్ట్ ఫైల్లో పెట్టి ఇస్తే ఓపెన్‌అలెక్స్ నుంచి వివరాలు అదే తెచ్చుకుంటుంది. కో-ఆథర్‌షిప్ బొమ్మ గీయండి, ఎవరు ఎవరితో కలిసి రాశారో తెలుస్తుంది. రచయితకు కనీసం ఎన్ని పేపర్లుండాలని అడిగే చోట 5 ఉంటే 1 గానీ 2 గానీ చేయండి. నేను చూసుకోకుండా నెక్స్ట్ నొక్కితే మా డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఇద్దరే మిగిలారు, వాళ్లిద్దరికీ మాటల్లేవు.

మీ రావు గారి సమస్యకు అందులోనే మందుంది. థెసారస్ ఫైలంటారు. నోట్‌ప్యాడ్‌లో రెండు నిలువు వరుసలు, మధ్యలో ట్యాబ్. మొదటి వరుస పైన లేబుల్, రెండోదాని పైన రీప్లేస్ బై అని ఇంగ్లీషులో ఉండాలి. ఎడమవైపు ఆయన పేరు ఎన్ని రకాలుగా వచ్చిందో అన్నీ, కుడివైపు మీకు కావలసిన ఒక్క రూపం. గీసేటప్పుడు ఆ ఫైలిస్తే ఆయన పేరిట ఉన్న మూడు గుండ్రాలూ ఒకటవుతాయి. ట్యాబ్ బదులు స్పేస్ కొడితే మాత్రం పనిచేయదు. నాకు ఒక రాత్రి అందులోనే పోయింది.

పద్యం చదివే మాస్టారు

అమ్మా, నేను తెలుగు శాఖవాణ్ని. 26 ఏళ్లుగా రాస్తున్నాను. స్కోపస్‌లో నా హెచ్-ఇండెక్స్ సున్నా. నా వ్యాసాలు వచ్చిన పత్రికలు అందులో లేవు, వాటికి డీఓఐలూ లేవు. యూజీసీ-కేర్ జాబితా (యూజీసీ ఒప్పుకున్న పత్రికలది) ఉన్నన్నాళ్లు అదొక ఆధారం, 2025లో దాన్నీ ఆపేశారు. మీ పట్టికంతా డీఓఐల మీదే కడితే మీ తెలుగు, చరిత్ర మాస్టార్లు ఏమీ రాయనివాళ్లలా కనిపిస్తారు. వాళ్లవి వేరే షీటులో పెట్టండి. పత్రిక పేరు, సంచిక, పేజీలు రాసి, మొదటి పేజీ స్కాన్ జతచేయండి.

ఇంకోటి, ఎవరైనా ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మనుషులకు తగిలించబోతే ఆపండి. అది పత్రికకు వేసే లెక్క. ఒక పత్రికలో ముందు రెండేళ్లలో వచ్చిన వ్యాసాలను ఈ ఏడాది సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్నదే అందులో ఉంటుంది. మంచి బస్సెక్కినంత మాత్రాన ప్రయాణికుడు మంచివాడని చెప్పలేం కదా.

బీరువా తాళాలు

అందరికీ చాలా థాంక్స్. ఆరు రోజులైంది, ఎక్కడిదాకా వచ్చిందో చెప్తాను.

కెమిస్ట్రీ సారుతో పక్కన కూర్చుని ఒక్కొక్కటీ తీయించాను. 160 నుంచి 23కి దిగాయి, హెచ్ 6. ఆయనేమీ బాధపడలేదు. "ఇవి నిజంగా నావే" అని అందులో రెండు ప్రింటు తీసుకుని ఇంటికి పట్టుకెళ్లారు. బాధంతా ప్రిన్సిపల్ గారిదే. మాస్టారు చెప్పిన షీటు కూడా పెట్టాను. మా తెలుగు మేడం ట్రంకు పెట్టె దించి 14 వ్యాసాలు తెచ్చారు, నాలుగింటికి చెదలు పట్టి పేజీ నంబర్లు పోయాయి. థెసారస్ ఫైలు రెండోసారికి పనిచేసింది. మొదటిసారి నేనూ స్పేసే కొట్టాను.

ఇక మిగిలింది ఫిజిక్స్ మేడం. సగం పేపర్లు పుట్టింటి ఇంటిపేరుతో, సగం అత్తింటి పేరుతో ఉన్నాయి. ఆర్కిడ్ తెరుద్దామని కూర్చుంటే మెయిల్ పాస్‌వర్డ్ వాళ్లబ్బాయికే తెలుసట. సాయంత్రం వాడు ట్యూషన్ నుంచి రాగానే అడిగి ఫోన్ చేస్తానన్నారు.