రగ్బీ లీగ్‌లో సెట్ చివర్లో మేం కొట్టే ప్రతి కిక్కూ వాళ్ల ఫుల్‌బ్యాక్ చేతుల్లోకే పోతోంది, ఏం చేయాలి?

ఏడో నంబర్ తిప్పలు:
రాత్రి కూర్చున్నవాణ్ణి ఇంకా లేవలేదు. మూడు మ్యాచ్‌ల వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను. కళ్లు మండుతున్నాయి తప్ప విషయం అంతుపట్టలేదు. మాది రగ్బీ లీగ్ జట్టు, నేను కోచ్‌కి సాయంగా ఉంటాను. (సెట్ అంటే ఒక జట్టుకి వరుసగా దక్కే ఆరు ట్యాకిల్స్, ట్యాకిల్ అంటే బంతి మోసేవాణ్ణి పట్టి ఆపడం.) బంతి మోయడంలో మావాళ్లకి వంక పెట్టడానికి లేదు, డిఫెన్స్ కూడా ఫర్వాలేదు. కానీ కిక్ దగ్గరికి వచ్చేసరికి అప్పటిదాకా పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. పైకి కొడితే వాళ్ల ఫుల్‌బ్యాక్ (అందరికన్నా వెనక నిలబడే 1వ నంబర్) రెండడుగులు కూడా వేయకుండా పట్టేస్తాడు. పొడుగ్గా కొడితే డెడ్ బాల్ గీత (మైదానం చిట్టచివరి గీత) దాటిపోయి వాళ్లకి ఆరుకి బదులు ఏడు ట్యాకిల్స్ దక్కుతున్నాయి. గ్రబ్బర్ (నేలబారు కిక్) వేస్తే ఎదుటివాడి కాలికి తగులుతుంది. మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ లైన్ డ్రాపవుట్ (వాళ్లు తమ గోల్ లైన్ నుంచి బంతిని మనకే కొట్టాల్సి రావడం) కూడా రాబట్టలేకపోయాం. మా 7కి (కిక్కులు కొట్టే ఏడో నంబర్ ఆటగాడికి) రోజూ గంట కిక్కింగ్ ప్రాక్టీస్ పెట్టించాం. అక్కడ చెప్పిన చోట వేస్తాడు. మ్యాచ్‌లో అదే కాలు, అదే బంతి, మరి ఏమవుతోంది? ఎవరైనా చెప్పండి.

క్లుప్తం:
ఎక్కడి నుంచి కొడుతున్నాడు?

ఏడో నంబర్ తిప్పలు:
ఐదో ట్యాకిల్ మీదండీ.

క్లుప్తం:
ఎప్పుడని అడగలేదు. ఎక్కడని అడిగా.

లెక్కల మాస్టారు:
ముందు మాట సరిచేసుకుందాం. 'ఐదో ట్యాకిల్ మీద కిక్' అని అందరూ అనేస్తుంటారు. ఐదు ట్యాకిల్స్ పూర్తయ్యాక, ఆరోది పడేలోపు కొట్టే కిక్ అది. ఆరోది పడితే బంతి అక్కడికక్కడే అవతలివాళ్లది. అసలు ఈ కిక్కింగ్ తలనొప్పి పుట్టిందే ట్యాకిల్స్ లెక్క వల్ల. 1966కి ముందు లెక్కే లేదు, బంతి పోగొట్టుకోనంతసేపూ మోస్తూనే ఉండొచ్చు. ఆస్ట్రేలియాలోని సెయింట్ జార్జ్ జట్టు 1956 నుంచి 1966 దాకా వరుసగా 11 టైటిళ్లు గెలిచింది ఆ రోజుల్లోనే. తర్వాత నాలుగు ట్యాకిల్స్ అన్నారు. నాలుగైతే ఆట మరీ ముక్కలు ముక్కలు అవుతోందని 1970ల మొదట్లో ఆరు చేశారు. ఆరు అయ్యాకే చివరి కిక్ అనేది ఒక విద్య అయింది. ఆ చరిత్ర తెలియకుండా...

క్లుప్తం:
మాస్టారూ, ఆయన జట్టు శనివారం ఆడాలి.

యూనియన్ అభిమాని:
ఇంత గోల ఎందుకు? టచ్‌కి (పక్క గీత బయటికి) కొట్టి లైనౌట్ (బయటి నుంచి బంతి విసిరి ఆట మొదలుపెట్టడం) తీసుకోండి. మన సగం లోంచి కొట్టి, ఒక బౌన్స్ తర్వాత వాళ్ల 22 మీటర్ల గీత లోపల బయటికి పోతే లైనౌట్‌లో బంతి మనదే. 2021 నుంచి ఉన్న రూలే కదా.

టార్పెడో:
అది రగ్బీ యూనియన్ బాబూ, వేరే ఆట. ఇక్కడ లైనౌట్ అనేదే లేదు. ఆడుతూ కొట్టిన కిక్ నేల తాకకుండా టచ్‌లోకి పోతే, ఎక్కడ కొట్టామో అక్కడికే వచ్చి బంతి అప్పజెప్పాలి. మీరు చెప్పినదాని లాంటిది లీగ్‌లో 40/20. మన 40 మీటర్ల గీత వెనక నుంచి కొట్టి, బౌన్స్ అయ్యాక వాళ్ల 20 లోపల బయటికి పోవాలి. ఆ రూల్‌ని చూసే మీవాళ్లు మీరు చెప్పిన ఆ 50/22 తెచ్చుకున్నారు.

యూనియన్ అభిమాని:
చూసి తెచ్చుకున్నారనడం ఎందుకు, మంచి ఆలోచన ఎవరికైనా వస్తుంది.

లెక్కల మాస్టారు:
ఎన్‌ఆర్‌ఎల్‌లో (ఆస్ట్రేలియా లీగ్ పోటీలో) 2020 నుంచి 20/40 కూడా ఉంది, మన 20 వెనక నుంచి కొట్టి వాళ్ల 40 లోపల బయటికి పంపడం. అది ఎవరూ చెప్పరు.

టార్పెడో:
అసలు ప్రశ్నకి వస్తాను. మీ 7 బాంబ్ (బాగా పైకి లేపే కిక్) ఎలా కొడుతున్నాడు? బంతి తలకిందులుగా తిరుగుతూ పైకి పోతుందా, లేక బుల్లెట్‌లా సుళ్లు తిరుగుతూ పోతుందా? శుభ్రంగా తిరిగే బంతి ఎక్కడ దిగుతుందో చూడగానే తెలిసిపోతుంది, ఫుల్‌బ్యాక్‌కి అది పండగ. ఆస్ట్రేలియా ఆటగాడు నేథన్ క్లియరీ కొట్టే తేలే బాంబ్ చూడండి. దాదాపు తిరగదు, గాలిలో ఊగుతుంది, చివరి క్షణంలో పక్కకి జారుతుంది. దాని కింద నిలబడ్డవాడి పాట్లు చూడాలి. 1970ల్లో ఆస్ట్రేలియా ఆటగాడు జాన్ పియర్డ్‌కి 'బాంబర్' అని ముద్దుపేరు వచ్చింది ఊరికే కాదు. బంతి వాల్వ్ (గాలి నింపే చోటు) ఎటువైపు ఉందో, కాలి ఎముక ఎక్కడ తగులుతోందో వీడియో తీసి పెట్టండి, చెబుతాను. ఇంకోటి, గాలి...

క్లుప్తం:
తేలే బాంబ్ నేర్చుకోవడానికి ఏడాది. శనివారం దాకా ఉన్నది నాలుగు రోజులు.

పాత ఫుల్‌బ్యాక్:
నేను చాలాకాలం వెనక నిలబడి పట్టినవాణ్ణి, అటువైపు నుంచి చెబుతాను. బంతి కాలికి తగలకముందే నాకు సగం తెలిసిపోయేది. కొట్టేవాడు ఒక్కడే అని తెలిస్తే అతన్నే చూస్తాను. అతను రక్‌కి (ట్యాకిల్ పడ్డాక బంతిని మళ్లీ ఆటలోకి వదిలే చోటుకి) ఎటువైపు నిలబడ్డాడు, ఎంత వెనక నిలబడ్డాడు, భుజం ఎటు తిరిగింది. రక్‌కి నాలుగైదు మీటర్ల లోపే ఉంటే మా మార్కర్ (రక్ ఎదురుగా నిలబడే డిఫెండర్) అతని మీదికి వచ్చేస్తాడు. కంగారుగా తక్కువ ఎత్తులో కొడతాడు, నేను ముందుకి వచ్చి పట్టుకుంటాను. మీ ప్రాక్టీస్‌లో మీ 7 మీదికి ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారా? లేకపోతే ఆ గంట దండగ.

ఇంకో మాట. కిక్ బాగుందా లేదా అన్నది సగం ఛేజ్ (కిక్ వెంట పరిగెత్తడం) తేలుస్తుంది. మామూలు ఆటగాడు సెకనుకి 7 మీటర్లు పరిగెడతాడనుకుందాం. బంతి గాలిలో 3 సెకన్లే ఉంటే ఛేజర్ 21 మీటర్లు దాటలేడు. మీరు 40 మీటర్లు కొడితే మిగతా 19 మీటర్లు ఫుల్‌బ్యాక్‌కి ఉచితంగా ఇచ్చినట్టే. అలాగని కిక్కర్ కన్నా ముందున్నవాడు పట్టేవాడికి 10 మీటర్ల లోపలికి వెళ్తే పెనాల్టీ. అందుకే కొన్నిసార్లు పొట్టి కిక్కే మేలు.

మూడు ప్రశ్నలు. మీ 7 ఏ కాలితో కొడతాడు? ఐదో ట్యాకిల్ మైదానంలో ఏ వైపు పడుతోంది? ఇంకెవరైనా కొట్టగలరా?

ఏడో నంబర్ తిప్పలు:
కుడి కాలు. ఐదో ట్యాకిల్ అంటే ఎక్కడ పడితే అక్కడే, దాని గురించి ఆలోచించలేదు. (ఇప్పుడు మళ్లీ చూస్తే ఎక్కువసార్లు కుడివైపు గీత దగ్గరే ఉంది.) ఛేజ్ వింగర్లిద్దరూ (అంచుల్లో ఆడేవాళ్లు) చేస్తారు. కొట్టేది 7 ఒక్కడే. మా 6 ఎడమ కాలితో బాగానే కొట్టేవాడు గానీ, మా ఫుల్‌బ్యాక్ మోకాలికి దెబ్బ తగిలినప్పటి నుంచీ అతన్ని 1లో ఆడిస్తున్నాం.

క్లుప్తం:
అదీ సంగతి.

పాత ఫుల్‌బ్యాక్:
ఇంత ముఖ్యమైన ముక్క చివర్లో చెప్పారా! ఎప్పటి నుంచి?

ఏడో నంబర్ తిప్పలు:
మూడు మ్యాచ్‌ల నుంచి.

టార్పెడో:
సరిగ్గా మీరు చూసిన ఆ మూడు మ్యాచ్‌లేనన్నమాట.

పాత ఫుల్‌బ్యాక్:
మీ 7 కాలికేం రోగం లేదండీ. ముందు ఇద్దరు కొట్టేవాళ్లు ఉండేవాళ్లు, రెండు వైపులా. ఎవరు కొడతారో తెలియక అవతలి ఫుల్‌బ్యాక్ మధ్యలో నిలబడాల్సి వచ్చేది. ఇప్పుడు కుడి గీత దగ్గర ట్యాకిల్, కుడి కాలివాడు ఒక్కడే. ఫుల్‌బ్యాక్ ముందే అటు జరిగి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. డెడ్ బాల్ గీత దాటిపోవడానికీ కారణం ఇదే. ఇరుకు వైపు ఖాళీ లేక బలంగా కొట్టేస్తున్నాడు.

శనివారానికి చేయగలిగింది చెబుతాను. నాలుగో ట్యాకిల్ తర్వాత బంతి మోసేవాడు మైదానం మధ్యకి రావాలి, ఐదోది గోల్ పోస్టుల ఎదురుగా పడితే రెండు వైపులూ తెరుచుకుంటాయి. మీ 1ని (పాత 6ని) అప్పుడు ముందుకి పిలిచి ఎడమవైపు నిలబెట్టండి. అతను కొట్టకపోయినా ఫర్వాలేదు, నిలబడితే చాలు. 7ని రక్‌కి కనీసం 8 మీటర్లు వెనక్కి పంపండి. వెనక ఖాళీ కాబట్టి ఒక వింగర్ ఛేజ్ మానుకుని దిగాలి, అతని బదులు సెంటర్ (వింగర్ పక్కన ఆడేవాడు) పరిగెత్తాలి.

లెక్కల మాస్టారు:
6ని ఫైవ్-ఎయిత్ అనాలి.

యూనియన్ అభిమాని:
ఇంగ్లండ్‌లో స్టాండాఫ్ అంటారు.

లెక్కల మాస్టారు:
అక్కడ వాళ్ల ఇష్టం.

తొమ్మిదో నంబర్:
నేను హుకర్‌ని, అంటే 9ని, ఒక మాట. అందరూ 7 గురించే మాట్లాడుతున్నారు. మీ 9 డమ్మీ హాఫ్ (రక్ వెనక బంతి అందుకునే చోటు) నుంచి నేరుగా కొట్టలేడా? మూడో ట్యాకిల్ అవగానే, ఎవరూ అనుకోనప్పుడు, వాళ్ల వింగర్ ఇంకా ముందు వరుసలోనే ఉండగా నేలబారుగా ఒకటి వదిలితే వాళ్లు వెనక్కి తిరిగి పరిగెత్తాలి. గొప్ప కాలు అక్కర్లేదు. ఆ తర్వాత నుంచి వాళ్ల వింగర్లు ముందే వెనక్కి జరుగుతారు, మీ బంతి మోసేవాళ్లకి అంచుల్లో చోటు దొరుకుతుంది. గ్రబ్బర్ కాలికి తగులుతోందన్నారు కదా, వాళ్ల డిఫెన్స్ లైన్‌కి మరీ దగ్గరికి వెళ్లి కొడితే అంతే.

టార్పెడో:
మూడో ట్యాకిల్‌కే బంతి ఇచ్చేస్తారా? మిగతా మూడూ గంగపాలు.

తొమ్మిదో నంబర్:
ప్రతి సెట్‌కీ చేయమనలేదు.

పాత ఫుల్‌బ్యాక్:
చేయొచ్చు, ఆటకి రెండు మూడు సార్లు. మ్యాచ్‌కి ముందు ఇన్-గోల్ (గోల్ లైన్‌కీ డెడ్ బాల్ గీతకీ మధ్య చోటు) లోతు అడుగులు వేసి కొలవండి. రూల్ ప్రకారం 6 నుంచి 11 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. 11 మీటర్ల చోట చక్కగా ఆగే గ్రబ్బర్ 6 మీటర్ల చోట డెడ్ అయిపోతుంది. బాంబ్ కూడా గోల్ లైన్‌కి కాస్త ఇవతలే దిగాలి. ఇన్-గోల్‌లో నేల తాకకుండా పట్టేశాడంటే 20 మీటర్ల గీత నుంచి వాళ్లే మొదలుపెడతారు.

ఏడో నంబర్ తిప్పలు:
పోయిన వారం ఆడిన చోట ఇన్-గోల్ చాలా చిన్నది. ఇప్పుడు గుర్తొస్తోంది. మా కోచ్ 1ని ముందుకి పిలవడానికి ఒప్పుకుంటాడో లేదో, ఆయనకి వెనక ఖాళీ అంటే భయం. అడిగి చూస్తాను. ప్రాక్టీస్‌కి టైమైంది. థాంక్స్ అందరికీ.

క్లుప్తం:
7 మీదికి ఎవరినైనా పరిగెత్తించండి.

టార్పెడో:
వాల్వ్ ఎటువైపు పెడుతున్నాడో మాత్రం చెప్పనేలేదు.

యూనియన్ అభిమాని:
ఒక చిన్న సందేహం. 40/20లో కొట్టేటప్పుడు కాలు సరిగ్గా 40 గీత మీద ఉంటే లెక్కలోకి వస్తుందా?

లెక్కల మాస్టారు:
దానికి వేరే ప్రశ్న వేయండి, వివరంగా రాస్తాను.